మంచు కింద ఉప్పు లెక్క
(హనుమకొండలో జాతీయ విజ్ఞాన దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం.

సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా ఎడంగా ఉన్న ఊళ్లో ధ్రువ సముద్రాల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించి ఉండవచ్చు. నాకు మాత్రం ఇది దూరపు సంగతిగా ఎప్పుడూ తోచలేదు. వానాకాలంలో ఏటూరునాగారం దగ్గర నిండుగా పారే గోదావరిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ నీరు బంగాళాఖాతంలో చేరిన వెంటనే అక్కడి ఉప్పునీటితో కలిసిపోదు. మంచినీరు తేలిక కాబట్టి చాలాకాలం పైపొరగా తేలుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, ఇరావతి కూడా అక్కడికే చేరతాయి. అందుకే వానలు వెలిశాక ఉత్తర బంగాళాఖాతం పైనీటిలో కిలోకు 30 గ్రాముల కంటే తక్కువ ఉప్పు ఉంటుంది. అరేబియా సముద్రం నడుమ అది 36 గ్రాముల దాకా ఉంటుంది.

ఇప్పుడు ఉత్తర ధ్రువం వైపు చూడండి. ఓబ్, యెనిసేయ్, లీనా, మెకంజీ నదులు ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తాయి. ప్రపంచ సముద్రాల మొత్తం నీటిలో ఆర్కిటిక్ వాటా ఒక శాతం మాత్రమే. ప్రపంచ నదుల నీటిలో మాత్రం దాదాపు పదోవంతు అందులోకే వెళ్తుంది. మన బంగాళాఖాతంలో లాగే అక్కడా ఉప్పు తక్కువగా ఉన్న నీరు పైన పరచుకుని ఉంటుంది. దాని కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని, ఉప్పు ఎక్కువ ఉన్న నీరు దాగి ఉంటుంది. ఈ సంగతి తెలిసింది నార్వే అన్వేషకుడు ఫ్రిడ్జోఫ్ నాన్‌సెన్ వల్ల. 1893లో ఆయన ఫ్రాం అనే ఓడను కావాలనే మంచులో చిక్కుకోనిచ్చి, మంచుతో పాటే మూడేళ్లు కొట్టుకుపోయాడు. మంచుకు కన్నం పెట్టి తాడుతో ఉష్ణమాపకాన్ని దింపితే, గడ్డకట్టే చలి నీటి అడుగున సున్నా డిగ్రీల కంటే వెచ్చగా ఉన్న పొర కనిపించింది. ఆ వెచ్చని నీరు పైకి వచ్చి మంచును కరిగించకుండా పట్టి ఉంచేది పైనీటికీ అడుగునీటికీ మధ్య ఉన్న ఉప్పు తేడాయే.

ఇక్కడ భౌతికశాస్త్రం కొంచెం చెప్పాలి. నీరు వేడెక్కితే వ్యాకోచించి తేలికవుతుందని మీరు చదువుకున్నారు. కానీ అన్ని ఉష్ణోగ్రతల వద్దా ఒకే మేరకు వ్యాకోచించదు. మన ఉష్ణమండల సముద్రాల్లో ఒక డిగ్రీ వేడెక్కితే నీరు ఎంత తేలికవుతుందో, గడ్డకట్టే స్థితికి దగ్గరగా ఉన్న సముద్రపు నీరు అందులో దాదాపు పదోవంతే తేలికవుతుంది. కాబట్టి ధ్రువాల దగ్గర ఏ నీరు తేలాలో, ఏ నీరు మునగాలో నిర్ణయించేది ఉష్ణోగ్రత కంటే లవణీయతే, అంటే కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు ఉందన్నదే. అంటార్కిటికా తీరంలో సముద్రపు నీరు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఆ మంచు తనలోని ఉప్పులో చాలా భాగాన్ని కింది నీటిలోకి వదిలేస్తుంది. ఉప్పు పెరిగిన ఆ చల్లని నీరు బరువెక్కి, ఖండపు అంచు మీదుగా జారి, మహాసముద్రాల అడుగుకు చేరుతుంది. హిందూ మహాసముద్రం అట్టడుగున ఉత్తరంగా పాకే చల్లని నీటికి పుట్టిల్లు అదే.

మార్పు ఎంత చిన్నదో చూడండి. అంటార్కిటికాలోని రాస్ సముద్రంలో, తీరపు లోతు తక్కువ నీటి లవణీయత అనేక దశాబ్దాల పాటు దశాబ్దానికి సుమారు 0.03 చొప్పున తగ్గుతూ వచ్చింది. 2014 తర్వాత మళ్లీ పెరిగింది. 34 పైచిలుకు ఉండే విలువలో రెండో దశాంశ స్థానంలో వచ్చిన మార్పు అది. సముద్రం నిజంగా మారిందా, పరికరం మారిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగితేనే ఆ 0.03కు అర్థం ఉంటుంది. నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. పరికరం పంపిన అంకె ముడిసరుకు. దాన్ని నమ్మదగిన కొలతగా మార్చే పని ఆ తర్వాత నెలల తరబడి జరుగుతుంది. దానికి ఓడ మీది సాహసంతో సమానమైన గౌరవం దక్కాలి. దక్కడం లేదన్నదే నా బాధ.

లవణీయతను నేరుగా కొలిచే పరికరం ఓడల మీద లేదు. సీటీడీ అనే పరికరం విద్యుత్ వాహకతను, ఉష్ణోగ్రతను, పీడనాన్ని కొలుస్తుంది. ఈ మూడింటి నుంచి లవణీయతను లెక్కగడతారు. వాహకత ఉప్పుతో పాటు ఉష్ణోగ్రతతోనూ పెరుగుతుంది. అందువల్ల ఉష్ణోగ్రతలో 0.01 డిగ్రీ తప్పు వస్తే లవణీయతలోనూ దాదాపు 0.01 తప్పు వస్తుంది. ఇందాక చెప్పిన దశాబ్దపు మార్పులో మూడోవంతు అక్కడే పోయింది!

ఓడ మీద ఈ పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. సీటీడీని ఒక గుండ్రని ఇనుప చట్రానికి బిగిస్తారు. దాని చుట్టూ నీటి నమూనాలు పట్టే నిస్కిన్ సీసాలు, సాధారణంగా 24, నిలబెట్టి ఉంటాయి. క్రేన్ తీగతో సెకనుకు మీటరు చొప్పున దింపుతారు. వాహకతను కొలిచేది ఒక సన్నని గాజు గొట్టం. బయట గాలి మైనస్ 20 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ గొట్టంలో నీటి చుక్క మిగిలితే గడ్డకట్టి గాజు పగులుతుంది. అందుకే దింపే క్షణం వరకు చట్రాన్ని వెచ్చని గదిలో ఉంచుతారు. నీటిలో దించాక కూడా వెంటనే కిందికి పంపరు. పది, ఇరవై మీటర్ల దగ్గర కాసేపు ఆపి, గొట్టంలోకి నీటిని లాగే పంపు తిరుగుతోందో లేదో, అంకెలు నిలకడగా వస్తున్నాయో లేదో చూసి, మళ్లీ పైకి లాగి అప్పుడు అసలు ప్రయాణం మొదలుపెడతారు.

పైకి వస్తూ ఒక్కో లోతులో ఒక్కో సీసా మూత పడేలా చేస్తారు. చట్రం గదిలోకి చేరాక నమూనా పట్టే మనిషి చిన్న గాజు సీసాను అదే నీటితో మూడుసార్లు కడుగుతాడు. భుజం దాకా నింపుతాడు, మూతి తుడుస్తాడు, గాలి చొరకుండా లోపలి మూత, పైమూత బిగిస్తాడు, సీసా సంఖ్యను కాగితం మీద రాస్తాడు. మూతి దగ్గర ఎండిన ఒక్క ఉప్పు పలుకు లోపల పడినా ఆ నమూనా పాడైనట్టే. ఆ సీసాలు ఉష్ణోగ్రత మారని గదిలో సుమారు ఒక రోజు కుదురుకున్నాక, లవణమాపకం అనే యంత్రంలో వాటి వాహకతను ఉప్పు ఎంతో కచ్చితంగా తెలిసిన ప్రామాణిక సముద్రజలంతో పోల్చి చూస్తారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కోపెన్‌హాగెన్‌లో మార్టిన్ క్నూడ్సెన్ మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పుడు ఆ నీటిని ఇంగ్లండ్‌లో సీసాల్లో నింపి ప్రపంచమంతా పంపుతున్నారు. ఏ దేశపు ఓడైనా ఒకే నీటితో పోల్చుకుంటుంది కాబట్టే ఒకరి అంకెను మరొకరు నమ్మగలుగుతున్నారు. ఇంత పట్టింపు ఉంటే ఉష్ణోగ్రత 0.001 డిగ్రీ వరకు, లవణీయత 0.002 వరకు సరిగ్గా చెప్పవచ్చు.

ఇక శుద్ధి సంగతి. సీటీడీ సెకనుకు 24 సార్లు కొలుస్తుంది. 4000 మీటర్లు దిగితే 96 వేల వరుసలు. అందులో కొన్ని తప్పులు పరికరం కదలిక వల్లే పుడతాయి. నీరు ముందు ఉష్ణమాపకాన్ని తాకి, సుమారు 0.07 సెకన్ల తర్వాత గాజు గొట్టంలోకి చేరుతుంది. మైనస్ 1.8 నుంచి సున్నా దాటి కొన్ని మీటర్లలోనే ఉష్ణోగ్రత మారే చోట, ఈ కాస్త ఆలస్యాన్ని సరిచేయకపోతే లవణీయత గీతలో సూదిమొన లాంటి ముల్లు లేస్తుంది. అది నిజమైతే బరువైన నీరు తేలికైన నీటి మీద కూర్చున్నట్టు. అలా కూర్చోలేదు కాబట్టి అది పరికరపు నీడ అని పట్టుకోవచ్చు.

దీనికంటే తెలివైన తప్పు ఇంకొకటి ఉంది. పొయ్యి మీంచి దించిన ఇనుప పెనం కాసేపు వేడిని పట్టి ఉంచుకున్నట్టే, గాజు గొట్టం కూడా తాను దాటి వచ్చిన నీటి వేడిని పట్టి ఉంచుకుని లోపలి నీటికి ఇస్తుంది. ఉష్ణమాపకం చూసిన నీరు ఒకటి, గొట్టం కొలిచిన నీరు మరొకటి అవుతాయి. ఇది ముల్లులా కనిపించదు, మెల్లగా గీతను పక్కకు జరుపుతుంది. అందుకే ప్రమాదకరం. దింపినప్పటి గీతనూ ఎత్తినప్పటి గీతనూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే బయటపడుతుంది. అలల మీద ఓడ ఊగినప్పుడు పరికరం వెనక్కి లేచి తన కదిలించిన నీటినే మళ్లీ కొలిచే చోట్లను తీసేయాలి. చివరికి ఒక్కో మీటరుకో రెండు మీటర్లకో సగటు కట్టాలి. ముడి అంకెలను మాత్రం ఎన్నడూ చెరిపేయకూడదు.

ఇదంతా ఓడ వెళ్లగలిగిన చోటు మాట. ధ్రువాల చలికాలంలో ఓడలు చాలా అరుదు. అందుకే మన పాత కొలతల్లో ఎక్కువ భాగం వేసవివే. ఉప్పు నీటిలోకి దిగే అసలు ఘట్టం చలికాలంలో జరుగుతుంటే, మనం అది ముగిశాక వెళ్లి చూసేవాళ్లం. ఈ లోటును రెండు మార్గాలు కొంత తీర్చాయి.

ఒకటి ఆర్గో ఫ్లోట్లు, అంటే తమంతట తామే మునిగి తేలుతూ కొలిచే పరికరాలు. ప్రపంచ సముద్రాల్లో దాదాపు నాలుగు వేలు ఉన్నాయి. వెయ్యి మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, కొలుస్తూ పైకి వచ్చి ఉపగ్రహానికి కబురు పంపుతాయి. పైన మంచు ఉంటే? గుద్దుకుని పాడవుతాయి. అంటార్కిటికా పక్కనున్న వెడ్డెల్ సముద్రంలో దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. 50 నుంచి 20 మీటర్ల మధ్య ఉష్ణోగ్రతల మధ్యస్థ విలువ మైనస్ 1.79 డిగ్రీల కంటే తక్కువైతే పైన మంచు ఉన్నట్టే లెక్క. ఫ్లోట్ వెనక్కి తిరిగి, కొలతలు దాచుకుని, మంచు కరిగాక అన్నీ కలిపి పంపుతుంది. నెలల తర్వాత వచ్చిన ఆ కొలతలకు లోతు ఉంది, కాలం ఉంది, చోటు లేదు! మంచులోకి వెళ్లిన చోటు, బయటపడిన చోటు మధ్య దారిని లెక్కగట్టి వేయాలి. అలా వేసిన స్థానాలకు దత్తాంశంలో 8 అనే గుర్తు పెడతారు, అంటే ఊహించిన విలువ అని.

రెండోది ఏనుగు సీల్‌లు. కెర్గెలెన్ లాంటి దక్షిణ సముద్ర దీవుల్లో వాటి తల వెంట్రుకలకు చిన్న సీటీడీని అంటిస్తారు. ఏడాదికోసారి వెంట్రుకలు రాలినప్పుడు అది ఊడిపోతుంది. ఆహారం కోసం అవి చలికాలపు మంచు మధ్య వందల మీటర్లు మునుగుతూ ఇచ్చిన కొలతలు లక్షల్లో ఉన్నాయి. తూర్పు అంటార్కిటికాలో కేప్ డార్న్‌లీ దగ్గర అడుగునీరు పుడుతోందని 2013లో నిర్ధారించడంలో ఈ సీల్‌ల పాత్ర ఉంది. ఒక్కో మునకలో ఉపగ్రహానికి పంపగలిగినవి కొన్ని బిందువులే. సరిదిద్దాక కూడా ఓడ కొలతంత సూక్ష్మత రాదు. అయినా చలికాలంలో, ఇంకెవరూ వెళ్లలేని చోట అది అమూల్యం.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసే చిక్కు ఇప్పుడు చెబుతాను. నీటిలో ఏళ్ల తరబడి ఉన్న ఫ్లోట్ వాహకత గ్రాహకం మెల్లగా దారి తప్పవచ్చు. దాన్ని వెనక్కి తెచ్చి పరీక్షించలేం. అందుకే సుమారు ఏడాది తర్వాత నిపుణులు దాని లోతునీటి లవణీయతను ఆ ప్రాంతపు పాత ఓడ కొలతలతో పోల్చి సరిదిద్దుతారు. లోతునీరు మారదన్న నమ్మకం మీద ఈ పద్ధతి నిలబడి ఉంది. అంటార్కిటికా దగ్గర లోతునీరే మారుతోంది కదా! పాత కొలతకు సరిపోయేలా కొత్త కొలతను లాగితే, వెతుకుతున్న మార్పునే మన చేత్తో చెరిపేసినట్టవుతుంది. సరిదిద్దకపోతే గ్రాహకపు తప్పును వాతావరణ మార్పుగా ప్రకటించినట్టవుతుంది. దీనికి ఏ కంప్యూటర్ ప్రోగ్రామూ ఒంటరిగా జవాబు చెప్పలేదు. పక్కనున్న ఫ్లోట్లు ఏమంటున్నాయి, ఉష్ణోగ్రత కూడా కలిసి మారిందా, ఈ మధ్య ఆ దారిన ఏదైనా ఓడ వెళ్లిందా అని మనిషి కూర్చుని చూడాలి. ఫ్లోట్లు వచ్చాయి కాబట్టి ఓడలు తగ్గించవచ్చన్న వాదన నాకు అసలు మింగుడుపడదు. ఓడ కొలత ఆగిపోయిన చోట ఫ్లోట్ కొలతకు సాక్షి ఉండదు.

మన దేశానికి ఈ పనిలో చోటుంది. 1981లో సముద్ర శాస్త్రవేత్త ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో మొదటి బృందం అంటార్కిటికాకు బయలుదేరింది. ఇప్పుడు అక్కడ మైత్రి, భారతి కేంద్రాలు ఉన్నాయి. ఆర్కిటిక్‌లో నార్వే దీవుల సముదాయం స్వాల్బార్డ్ దగ్గరి కాంగ్స్‌ఫియోర్డ్‌లో 2014లో 192 మీటర్ల లోతున్న చోట ఇండార్క్ అనే లంగరు పరికరాన్ని దింపారు. పైకి తీసేదాకా దాని అంకెలు దానిలోనే ఉంటాయి. గోవాలోని ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం ఈ పనులు నడిపిస్తోంది. ఇక మన హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) భారతదేశపు ఆర్గో దత్తాంశ కేంద్రం. ఇక్కడి నుంచి బస్సెక్కితే కొన్ని గంటల దూరం.

పిల్లలూ, ఆర్గో దత్తాంశం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అనుమతి అడగక్కర్లేదు. బంగాళాఖాతంలో ఒక ఫ్లోట్‌ను, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో ఒక ఫ్లోట్‌ను ఎంచుకోండి. లవణీయతను అడ్డంగా, ఉష్ణోగ్రతను నిలువుగా వేసి రెండింటినీ గీయండి. గీసే ముందు ప్రతి విలువ పక్కన ఉన్న నాణ్యత గుర్తు చూడండి. 1 అంటే మంచిది, 4 అంటే చెడ్డది. 3 అంటే బహుశా చెడ్డది; అవి ఉన్నవాటిని పారేయకండి, విడిగా వేరే రంగులో గీసి, అది ఎందుకు 3 అయిందో మీ లెక్చరర్‌తో వాదించండి. దక్షిణ మహాసముద్రపు ఫ్లోట్‌లో స్థానం పక్కన 8 కనిపిస్తే, ఆ కొలత మంచు కింద తీసినది అయ్యే అవకాశం ఎక్కువ. అది ఏ నెలదో చూడండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను.