వచ్చుకూ రాదుకూ మధ్య

శ్రోతలకు నమస్కారం.

నేను హైదరాబాదులో ఒక స్కూల్లో జర్మన్ చెబుతాను. అంతకుముందు చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. పేరెంట్స్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ ఎవరో ఒక తండ్రి ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి అడుగుతాడు: "మేడం, మార్కుల సంగతి సరే. మా అమ్మాయికి జర్మన్ ఎంత వచ్చింది?" మంచి ప్రశ్నే. జవాబు చెప్పడమే కష్టం.

మన తెలుగులో ఒక చిత్రం ఉంది, గమనించే ఉంటారు. భాషను మనం నేర్చుకుంటాం గానీ, చివరికి అది మనకు 'వస్తుంది'. నాకు హిందీ వచ్చు, తమిళం రాదు అంటాం. వస్తే వచ్చు, లేకపోతే రాదు. నడుమ 'కొద్దికొద్దిగా వచ్చు' అని ఒకటుంది గానీ, స్టేషన్లో టికెట్ అడగగలిగి చదవడం తెలియనివాడికీ అదే మాట, పేపరు గడగడా చదివి నోరు మెదపలేనివాడికీ అదే మాట. హైస్కూలు పిల్లలకు భాషలో ఒక లక్ష్యం పెట్టాలంటే ఈ 'వచ్చు' సరిపోదు. దానికి మన భాషలోనే ఇంకో మంచి మాట ఉంది: 'గలను'. అడగగలను, చదివి చెప్పగలను, నాలుగు ముక్కలు రాయగలను.

ఈ 'గలను'ల లెక్క పద్ధతిగా రాసుకున్నది యూరప్ వాళ్లు. పొద్దున రైలెక్కి సాయంత్రానికి మూడు భాషలు దాటిపోయే చోటు అది, వాళ్లకు అవసరం పడింది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ అని ఒక సంస్థ ఉంది. యూరోపియన్ యూనియన్ వేరు, ఇది వేరు. వీళ్లు 1975లో ఇంగ్లీషు గురించి ఒక పుస్తకం తెచ్చారు. పరాయి దేశంలో ఎవరి మీదా ఆధారపడకుండా నెగ్గుకు రావాలంటే మనిషి ఆ భాషలో ఏమేం చేయగలగాలి అన్నదే అందులోని విషయం. దానికి పెట్టిన పేరు 'థ్రెషోల్డ్ లెవెల్', అంటే గడప. 1980లో జర్మన్‌కూ అలాంటిది వచ్చింది, దాని పేరులోనూ గడపే ఉంది. గడప దాటినవాడు ఇంట్లోకి వచ్చినట్టే కదా, ఏ గదిలో ఏముందో తర్వాత మెల్లగా తెలుస్తుంది.

ఆ గడపకు ముందు రెండు మెట్లు, తర్వాత మూడు మెట్లు కట్టి 2001లో మొత్తం ఆరుగా ప్రకటించారు: ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2. బి1 దగ్గర ఉన్నది ఆ పాత గడపే. ఏ భాషకైనా ఇవే మెట్లు. ఎ1లో ఉన్నవాడు తన పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల గురించి చెప్పగలడు, చిన్న ప్రశ్నలు అడగగలడు. అయితే ఎదుటివాళ్లు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడాలి, సాయం చేయడానికి సిద్ధంగా ఉండాలి. ఈ షరతు నాకు భలే నచ్చుతుంది. పిల్లవాడి లక్ష్యంలోనే ఎదుటివాళ్ల ఓపిక కూడా రాసిపెట్టారు! ఎ2కి వస్తే కొట్లో సరుకులు కొనుక్కోవడం, దారి అడగడం, నిన్నేం చేశాడో చెప్పడం. బి1లో ప్రయాణంలో ఎదురయ్యే చిక్కుల్ని చాలావరకు తనే నెట్టుకొస్తాడు, తన అభిప్రాయం చెప్పి ఎందుకో కూడా చెప్పగలడు. బి2లో ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లతో ఇద్దరికీ ఇబ్బంది లేకుండా మాట సాగుతుంది. సి1, సి2 స్కూలు పిల్లల పని కాదు, వదిలేద్దాం.

మరి జర్మనీలో వాళ్ల పిల్లలకు ఇంగ్లీషులో ఎంత లక్ష్యం పెట్టుకున్నారు? అక్కడ చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఆ రాష్ట్రాల విద్యామంత్రులందరూ కూర్చుని 2003లో ఒక మాట అనుకున్నారు: పదో తరగతితో మధ్యస్థాయి చదువు ముగించే పిల్లలు మొదటి విదేశీ భాషలో సుమారు బి1కి రావాలి. మరుసటి ఏడాది, తొమ్మిదో తరగతితో చదువు ముగించి పనులు నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లకు ఎ2 అన్నారు. యూనివర్సిటీకి వెళ్లేవాళ్లకు బి2 అని 2012లో తేల్చారు. చాలా రాష్ట్రాల్లో మూడో తరగతి నుంచే ఇంగ్లీషు చెబుతారు. అంటే ఏడెనిమిదేళ్లు చదివాక బి1. బి1 అంటే 'అనర్గళంగా మాట్లాడటం' కాదు. మన స్కూలు బ్రోచర్లలో ఎల్‌కేజీ పిల్లలకే ఆ మాట రాసేస్తాం.

అలాగని వాళ్ల క్లాసులు స్వర్గం అనుకోకండి. 2003, 2004 సంవత్సరాల్లో డెసీ అనే పెద్ద సర్వే అక్కడి తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పీరియడ్లను వీడియో తీసి చూసింది. పిల్లలందరూ కలిసి మాట్లాడినదానికి రెండింతలకు పైగా టీచరు ఒక్కరే మాట్లాడుతున్నారని తేలింది. ఇది చదివాక మర్నాడు క్లాసులో నేనెంతసేపు మాట్లాడుతున్నానో గడియారం పెట్టి చూసుకున్నాను. లెక్క ఇక్కడ చెప్పను.

ఈ మెట్లలో ఇంకో సంగతి ఉంది. మనిషి మొత్తాన్ని ఒకే మెట్టు మీద నిలబెట్టరు. వినడం, చదవడం, ఎదుటివాళ్లతో మాట కలపడం, మనంతట మనం నిలబడి మాట్లాడటం, రాయడం, ఈ అయిదింటినీ విడివిడిగా చూస్తారు. ఒకే పిల్ల చదవడంలో పైన ఉండి, మాట్లాడటంలో కింద ఉండొచ్చు. నా క్లాసులో అలాంటి అమ్మాయి ఉంది. తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో లావుపాటి నవలలు బస్సులో చదువుతుంది. చదవడంలో బి2 అని ధైర్యంగా చెబుతాను. ఒకరోజు, "నువ్వు చదువుతున్న కథేంటి, ఇంగ్లీషులో చెప్పు" అన్నాను. లేచి నిలబడింది. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. లోపల వాక్యం కట్టుకుంటోంది, టెన్సు సరిచూసుకుంటోంది, మళ్లీ విప్పుకుంటోంది. చివరికి, "మేడం, తెలుగులో చెప్పనా?" అంది.

అదే అమ్మాయి, అదే రోజు, జర్మన్ పీరియడ్. చేతిలో చీటీ, చీటీ మీద 'ఊరు' అనే అర్థం వచ్చే జర్మన్ మాట ఒక్కటే ఉంది. "ఇష్ వోనె ఇన్ కూకట్‌పల్లి!" అని, అంటే కూకట్‌పల్లిలో ఉంటానని, వెనక బెంచీ దాకా వినిపించేలా చెప్పింది. తర్వాత పిల్లి గురించి చెబుతూ "మైన్ కట్సె" అంది. నేను "మైనె" అని సరిచేశాను. "ఆ, మైనె కట్సె" అని ఆగకుండా సాగిపోయింది. ఇంగ్లీషు పదేళ్లుగా చదువుతోంది, జర్మన్ ఏడాదిన్నరగా.

నాకు అర్థమైనదేమిటంటే, జర్మన్‌లో ఆ పిల్లకు పెట్టిన లక్ష్యం చేతికి అందేంత దూరంలో ఉంది. ఊరి పేరు చెప్పాలి, చెప్పింది, అయిపోయింది. ఇంట్లో ఎవరికీ జర్మన్ రాదు కాబట్టి నవ్వేవాళ్లూ లేరు. ఇంగ్లీషులో మాత్రం యూకేజీ నుంచి తప్పుల కింద ఎర్ర గీతలు చూస్తూ పెరిగింది. 'ఫ్లూయెంట్‌గా మాట్లాడాలి' అన్న మాట తప్ప, ఈ నెలలో ఫలానాది చేయగలిగితే చాలు అని ఎవరూ చెప్పలేదు. పైగా పదో తరగతి పబ్లిక్ పరీక్ష అంతా రాతే. ఆ హాల్లో పిల్లల గొంతు వినేవాళ్లెవరూ ఉండరు.

గొంతు వినే పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను. జర్మన్ భాష నేర్పే జర్మనీ సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పది నుంచి పదహారేళ్ల పిల్లలకు ఎ1 పరీక్ష పెడతారు, 'ఫిట్ ఇన్ డాయిచ్' అని. మాట్లాడే భాగంలో పిల్లలు గుంపుగా కూర్చుంటారు. ముందు ఎవరి పరిచయం వాళ్లు చెప్పుకోవాలి. తర్వాత చీటీ తీసి, దాని మీద ఉన్న మాటతో పక్కవాణ్ణి ఒక ప్రశ్న అడగాలి, వాడు జవాబు చెప్పాలి. ఆ తర్వాత బొమ్మ చూసి ఏదో ఒకటి ఇమ్మనో, చెయ్యమనో అడగాలి. మొత్తం పావుగంట. నూటికి అరవై వస్తే పాస్. పిల్లలు ఎక్కువగా జారిపడేది వినే భాగంలో, అదీ అంకెల దగ్గర. జర్మన్‌లో యాభై మూడుని 'మూడూ యాభై' అంటారు, డ్రై ఉంట్ ఫ్యూన్ఫ్‌సిష్. మూడు ముందు వినిపించగానే పెన్ను 3 వేసేస్తుంది, తర్వాత 5. జవాబు 35. హిందీ తిర్‌పన్‌లోనూ మూడే ముందు వస్తుంది కదా అని గుర్తుచేస్తే, హిందీ బాగా వచ్చిన పిల్లలు టక్కున పట్టేస్తారు.

మనవాళ్లకు జర్మన్ తెలుగు మీదుగా వెళ్తే కొన్ని చోట్ల ఇంగ్లీషు మీదుగా వెళ్లినదానికన్నా దారి దగ్గర. జర్మన్‌లో నువ్వు, మీరు అనే తేడా ఉంది: డూ, జీ. ప్రిన్సిపాల్ గారిని 'డూ' అనకూడదని మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మాయి అనే మాట, మేడ్‌షెన్, వ్యాకరణంలో నపుంసకలింగం. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని పెద్ద వింతగా చెబుతాయి. నేను బోర్డు మీద 'అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది' అని రాసి ఊరుకుంటాను. క్లాసులో ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత నవ్వులు. అలాగే 'ఎందుకంటే' అని మొదలయ్యే ముక్కలో క్రియ చివరికి పోతుంది: వైల్ ఇష్ క్రాంక్ బిన్. 'నేను జబ్బుగా ఉన్నాను కాబట్టి' అన్నప్పుడు మన 'ఉన్నాను' ఎక్కడుందో చూడండి. తెలుగులో ఆలోచించే పిల్ల దీన్ని సరిగ్గా చెబుతుంది. ఇంగ్లీషులోంచి తెచ్చుకునే పిల్ల 'బిన్'ని, అంటే ఆ 'ఉన్నాను'ని, మధ్యలో పెట్టేస్తుంది.

ఇంగ్లీషు సాయం మాత్రం తక్కువేం కాదు. హౌస్‌కి హౌస్, వాటర్‌కి వాసర్, ఆపిల్‌కి ఆప్ఫెల్, సగం మాటలు ముందే చుట్టాలు. కానీ చుట్టాల్లో మోసగాళ్లూ ఉంటారు. జర్మన్‌లో 'గిఫ్ట్' అంటే విషం. పుట్టినరోజు కార్డు మీద ఆ మాట రాసిన కుర్రాడు ఏడాదంతా స్నేహితుల నోట్లో నానాడు.

'ఇంతా చేసి జర్మన్ ఎందుకు?' అంటారా. నర్సుగా అక్కడ గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 అడుగుతారు. ఎంఎస్ ఇంగ్లీషులోనే చదవొచ్చని వెళ్లినవాళ్లు, ఉద్యోగాల వేటలో పడ్డాక జర్మన్ క్లాసులు వెతుక్కుంటారు. ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలుసు. 2020 జాతీయ విద్యావిధానం కూడా సెకండరీ స్థాయిలో నేర్చుకోదగ్గ విదేశీ భాషల్లో జర్మన్‌ని చేర్చింది. అంతకుముందు 2014 నవంబరులో కేంద్రీయ విద్యాలయాల్లో ఆరు నుంచి ఎనిమిది వరకు మూడో భాషగా ఉన్న జర్మన్‌ని విద్యాసంవత్సరం మధ్యలో తీసేసి సంస్కృతం పెట్టారు. జర్మనా, సంస్కృతమా అని దేశమంతా వాదించుకుంది. అప్పటిదాకా చదివిన పిల్లలు ఆ భాషతో ఏం చేయగలుగుతున్నారని అడిగినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్లు 2018లో ఆ పాత పట్టికను సవరిస్తూ, 'మధ్యవర్తిగా ఉండటం' అనే సామర్థ్యానికి పెద్ద చోటు ఇచ్చారు. ఒక భాషలో ఉన్నది ఆ భాష తెలియనివాళ్లకు విప్పి చెప్పడం అన్నమాట. ఇది చదివి నేను మా క్లాసులో అడిగాను: మందుల చీటీ మీద ఇంగ్లీషులో ఉన్నది చదివి, అమ్మమ్మకో నాయనమ్మకో తెలుగులో చెప్పేవాళ్లెవరు? ముప్పై చేతులు లేచాయి. ఇంగ్లీషులో కథ చెప్పలేకపోయిన ఆ అమ్మాయి చెయ్యి కూడా. "భోజనానికి ముందా, తర్వాతా అన్నది సరిగ్గా చూడాలి మేడం, తప్పు చెబితే అమ్మమ్మకు గ్యాస్ వస్తుంది" అంది. మా పిల్లలు రాసే పరీక్షల్లో దీనికి మార్కులు లేవు.

అప్పటినుంచి పిల్లలందరితో ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ పెట్టించాను. ముందునుంచి ఇంగ్లీషు, వెనకనుంచి జర్మన్. పేజీకి మూడు గడులు: 'చేయగలను', 'సాయంతో చేయగలను', 'ఇంకా లేదు'. వాక్యాలు వాళ్లే తెలుగులో రాసుకోవాలి, టిక్కు వాళ్లే పెట్టుకోవాలి. మొదట్లో అన్నింటికీ 'చేయగలను' అని టిక్కులు కొట్టేశారు. చేసి చూపించమనేసరికి చాలా టిక్కులు పక్క గడిలోకి జరిగాయి.

మొన్నటి మీటింగుకు ఆ అమ్మాయి తండ్రి వచ్చాడు, మళ్లీ అదే ప్రశ్న. నేనేమీ చెప్పకుండా నోట్‌బుక్ ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని వెనకనుంచి మొదలుపెట్టాడు. 'కొట్లో ధర అడగగలను. టైం చెప్పగలను. నా పేరు అక్షరం అక్షరం చెప్పగలను.' ఒక్కొక్కటీ పైకి చదువుతున్నాడు, కూతురు పక్కన నిలబడి నేల చూస్తోంది. తర్వాత ముందు వైపు తిప్పాడు. 'మందుల చీటీ చదివి అమ్మమ్మకు చెప్పగలను' దగ్గర ఆగి, "ఇది నిజమే" అన్నాడు. ఆ పేజీలో ఆఖరి వాక్యం, 'తప్పు వస్తుందేమోనని ఆగకుండా రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడగలను.' టిక్కు 'ఇంకా లేదు' గడిలో ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో చిన్నగా రాసుకుంది: సంక్రాంతి సెలవుల తర్వాత.

నమస్కారం.