హైదరాబాద్ నుంచి చుట్ట చుట్టి వచ్చిన క్యాన్వాస్ బొమ్మ అమెరికా గోడ ఎక్కేదాకా | న్యూజెర్సీ తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఇవాళ మైనస్ ఎనిమిది, గడప దాటే పని లేదు. అందుకని పిన్నమ్మలూ వదినలూ ఎప్పట్నుంచో అడుగుతున్న వీడియో ఇవాళ తీసేస్తున్నాను. ఇండియా నుంచి చుట్ట చుట్టి పంపిన పెయింటింగుని ఇక్కడ చట్రానికి ఎలా బిగించాలి, ఎంతవుతుంది, ఎక్కడ పాడవుతుంది, అదీ ఇవాళ్టి సంగతి. బల్ల మీదున్నది 24 బై 36 అంగుళాల బొమ్మ, కాటన్ క్యాన్వాస్, ఆక్రిలిక్ రంగులు. బొమ్మలో ఒక అమ్మాయి: ఇంత బొట్టు, ముదురు ఛాయ, ఎర్ర చీర. తెలంగాణ చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మలు తెలిసినవాళ్లకి ఈ పోకడ ఎక్కడిదో చెప్పక్కర్లేదు.

ముందు డబ్బులు. ఇక్కడ ఫ్రేముల షాపులో ఈ సైజుని ఉత్త కర్ర చట్రానికి బిగించి ఇవ్వడానికే 150 డాలర్ల దాకా అడుగుతారు. చుట్టూ ఫ్రేము కూడా అంటే 300, 400. లెక్క సులువుకి డాలరుకి ఉజ్జాయింపుగా 85 రూపాయలు వేసుకోండి. బిగింపుకి 12,750, ఫ్రేముతో అయితే 25 నుంచి 34 వేలు! బొమ్మ వేసినాయన కూడా అంత తీసుకుని ఉండడు. అదే ఇంట్లో చేసుకుంటే నాలుగు స్ట్రెచర్ బార్లు, అంటే చట్రం కర్రలు, 32 డాలర్లు, గుడ్డని పట్టి లాగే క్యాన్వాస్ ప్లయర్ 18, స్టేపుల్ గన్నూ పిన్నులూ కలిపి 25. మొత్తం 75 డాలర్లు, అంటే 6,375 రూపాయలు. ప్లయరూ గన్నూ ఇంట్లో ఉండిపోతాయి కాబట్టి రెండో బొమ్మకి బార్ల ఖర్చే.

ఇదిగో ట్యూబు. కొరియర్ అబ్బాయి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోతాడు, అది ఎంతసేపు మంచులో ఉందో తెలీదు. ఆత్రంగా వెంటనే విప్పేయకండి. ఆక్రిలిక్ రంగు ప్లాస్టిక్ జాతి. అయిదు డిగ్రీల లోపు చల్లబడితే బిరుసెక్కిపోతుంది, ఆ స్థితిలో చుట్ట విప్పితే పుటుక్కున పగుళ్లిస్తుంది. పైగా చల్లటి బట్ట మీదికి వెచ్చటి గాలి తగిలితే చెమ్మ పడుతుంది. మూత తీయకుండా ఒక రోజంతా గదిలో ఉంచేసి, ఆ తర్వాత విప్పాలి. మే నెలలో బాధ ఇంకోటి: ఎండకి ఆక్రిలిక్ మెత్తబడి దేనికి తగిలితే దానికి అతుక్కుంటుంది.

పంపేవాళ్లకి నాలుగు మాటలు. అమ్మా, బాబాయ్, ఇది మీ కోసమే. చుట్టేటప్పుడు రంగు బయటి వైపుకి ఉండాలి. అందరూ రంగు పాడవుతుందని లోపలికి పెట్టి చుడతారు, అదే తప్పు. లోపలికి చుడితే రంగు పొర నొక్కుకుని ముడతలు పడి లేచిపోతుంది. బయటికి చుడితే కాస్త సాగుతుంది, పరిచాక మళ్లీ సర్దుకుంటుంది. లోపల పెట్టే గొట్టం కనీసం నాలుగంగుళాల పైపు, ఆరయితే మరీ మంచిది. బొమ్మని దాని చుట్టూ చుట్టి, అంతకన్నా పెద్ద గొట్టంలోకి దించాలి. రంగు మీద నేరుగా బబుల్ ర్యాప్ చుట్టొద్దు, బుడగల అచ్చులు రంగులో దిగబడిపోతాయి. గ్లాసిన్ అనే నున్నటి పలచ కాగితం వేసి దాని పైన ఏదైనా చుట్టుకోండి. కత్తితో రంగు మందంగా మెత్తిన బొమ్మయితే అసలు చుట్టనే కూడదు. ఆయిల్ పెయింటింగు పైకి వారంలో ఆరినట్టున్నా లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది, ఆరు నెలలైనా ఆగండి. విమానంలో చెక్-ఇన్ సామాను పొడవూ వెడల్పూ ఎత్తూ కలిపి 62 అంగుళాలు దాటకూడదని ఎక్కువ ఎయిర్‌లైన్ల లెక్క. 48 అంగుళాల ట్యూబు, ఆరంగుళాల లావు అయితే సరిగ్గా 60.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆర్టిస్టుకి ఆర్డరిచ్చేటప్పుడే చెప్పాల్సింది ఒకటుంది. బొమ్మ చుట్టూ నాలుగు వైపులా మూడేసి అంగుళాలు తెల్ల అంచు వదలమనండి. ముప్పావు అంగుళం మందం బార్లయితే రెండంగుళాలతో సరిపెట్టుకోవచ్చు, ఒకటిన్నర అంగుళం మందం బార్లకి మూడూ కావాలి. అంచు లేకపోతే బొమ్మలోదే మడిచి వెనక్కి తిప్పాలి. చీర అంచు, కాలి మెట్టెలు, ఆర్టిస్టు సంతకం, అన్నీ వెనక్కి పోతాయి.

కస్టమ్స్ గురించి అడిగారు. చేత్తో వేసిన అసలు పెయింటింగు అమెరికా సుంకాల పట్టికలో 9701 కింద వస్తుంది, మామూలు సుంకం సున్నా. ఆర్టిస్టు రాసిచ్చిన బిల్లు, చేత్తో వేసిందనే మాటతో సహా ట్యూబులో పెట్టండి. అటు ఇండియాలో వేరే చట్టముంది. వందేళ్లు దాటిన బొమ్మ 1972 పురావస్తువుల చట్టం కింద దేశం దాటకూడదు. రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్ లాంటి తొమ్మిది మంది చిత్రాలకి వయసుతో పని లేకుండా అదే నిషేధం. తాతగారి ఇంట్లో అటక మీద దొరికిందని ఊరికే పెట్టెలో పెట్టేయకండి.

సరే, విప్పాం. బిగించే ముందు ఇది నిజంగా చేత్తో వేసిందా, క్యాన్వాస్ మీద ప్రింటా అన్నది చూడాలి. బొమ్మలు సేకరించే కలెక్టర్లు చేసేది కూడా ఇదే, ఫోన్ చాలు. గదిలో లైట్లార్పి టార్చిని పక్క నుంచి, బల్లకి ఆనించినట్టు కొట్టండి. కెమెరా దగ్గరగా తెస్తున్నాను, చూడండి. బొట్టు చుట్టూ గట్టు లేచి ఉంది, చీర మడతల దగ్గర కుంచె వెంట్రుకల గీతలు రంగుతో పాటే మలుపు తిరుగుతున్నాయి. ప్రింటు మీద జెల్ పూసి గీతలు పెట్టే మోసం ఒకటుంది. అక్కడ గీతలు ఒక దిక్కుకీ, కింది రంగు ఇంకో దిక్కుకీ పోతాయి. ఫోన్‌లో జూమ్ చేస్తే ప్రింటులో సన్నటి రంగు చుక్కలు కనిపిస్తాయి. అంచు కూడా చూడండి. చేత్తో వేసినదానికి అంచున రంగు ఎక్కడో ఒకచోట ఒలికి ఉంటుంది, ప్రింటు గీత గీసినట్టు తెగిపోతుంది.

ఇప్పుడు చట్రం. నాలుగు బార్ల మూలలు ఒకదాంట్లో ఒకటి దూరతాయి, జిగురు పెట్టకూడదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది. చట్రం మూలమట్టంగా ఉందో లేదో చూడ్డానికి ఐమూలగా టేపు పెట్టండి. 24 బై 36కి రెండు ఐమూలలూ 43 అంగుళాల పావు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే చట్రం వంకర, బిగించాక సరిచేయడం కుదరదు. మూడడుగులు దాటితే మధ్యలో అడ్డ కర్ర కూడా తీసుకోండి, లేకపోతే పొడుగు బార్లు లోపలికి విల్లులా వంగుతాయి.

శుభ్రమైన దుప్పటి మీద బొమ్మని బోర్లా పడుకోబెట్టి, చట్రాన్ని మధ్యకి సర్దాలి. మొదటి పిన్ను పొడుగు బారు సరిగ్గా మధ్యలో. రెండోది దాని ఎదుటి బారు మధ్యలో, ప్లయర్‌తో అంచు పట్టుకుని లాగి. తర్వాత పొట్టి బార్ల మధ్యలో ఒక్కోటి. ఇప్పుడు తిప్పి చూస్తే బట్ట మీద డైమండ్ ఆకారంలో ముడతలు కనిపించాలి. కనిపిస్తే దారిలో ఉన్నట్టే. ఇక మధ్య నుంచి మూలలకి, రెండంగుళాలకి ఒకటి చొప్పున, ఇటొకటి కొడితే వెంటనే ఎదురుగా అటొకటి. ఒక వైపంతా ముందే కొట్టేస్తే బట్ట నేత ఏటవాలుగా జరిగి, బొమ్మలో అమ్మాయి మెడ వంకర పోతుంది. పిన్నుని నేతకి కాస్త ఐమూలగా కొట్టండి, ఎక్కువ పోగుల్ని పట్టుకుంటుంది. తెల్ల క్యాన్వాస్‌ని డప్పులా మోగేలా లాగుతారు, రంగు వేసినదాన్ని అలా లాగకూడదు. వేలితో తడితే మెత్తగా ఎగిరి వెంటనే ఆగాలి, అంతే. ప్లయర్ నోరు తెల్ల అంచు మీదే ఉండాలి, రంగు మీదికి పోకూడదు. మూలలు చివర్న. మడత పైకీ కిందికీ వచ్చేలా మడవండి, పక్కలకొస్తే గుమ్మంలోంచి వచ్చేవాళ్లకి కనపడుతుంది.

పిన్నులు కొడుతూ ఒక ముచ్చట చెప్తాను. ఇటలీలో వెనిస్ ఊరు నీళ్ల మీద ఉంటుంది కదా, ఆ ఉప్పు చెమ్మకి గోడ మీద వేసిన బొమ్మలు పెచ్చులూడిపోయేవి. ఓడల ఊరు కాబట్టి తెరచాప గుడ్డకి కొదవ లేదు. అలా పదహారో శతాబ్దానికల్లా అక్కడ క్యాన్వాసే రాజ్యమేలింది. అక్కడి చిత్రకారుడు వెరొనీసే 1563లో ముగించిన కానా పెళ్లివిందు బొమ్మ దాదాపు పది మీటర్ల పొడుగు, ఆరు మీటర్ల ముప్పావు ఎత్తు. 1797లో నెపోలియన్ సైన్యం దాన్ని మఠం గోడ మీంచి దింపి పారిస్ పట్టుకుపోయింది, ఇప్పటికీ అక్కడి లూవ్ర్ మ్యూజియంలోనే ఉంది. గోడ మీదే వేసి ఉంటే అంత సులువుగా పోయేదా? దొంగతనం సంగతి పక్కన పెట్టండి. కలెక్టర్లు క్యాన్వాస్‌ని వదలకపోవడానికి కారణం ఇదే: తేలిక, విప్పొచ్చు, మళ్లీ బిగించొచ్చు, వదులైతే సరిచేయొచ్చు. అద్దం అక్కర్లేదు కాబట్టి ఎటు నుంచి చూసినా కిటికీ ప్రతిబింబం కాదు, బొమ్మే కనిపిస్తుంది. అద్దెకుండేవాళ్లకి ఇంకేం కావాలి?

కానీ గుడ్డ మీద బొమ్మ ఉన్న ప్రతిదీ చట్రానికి బిగించేది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ ఉంది. దానికి జెస్సో, అంటే రంగు కింద వేసే తెల్ల పూత, ఉండదు. కరక్కాయ, పాలలో నానిన గుడ్డలోకి రంగు ఇంకిపోయి ఉంటుంది. పిన్నులు కొట్టి లాగితే పోగులు తెగుతాయి, ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. దాన్ని యాసిడ్ లేని అట్టకి పైన సన్నటి కుట్లతో కుట్టి, అద్దం ఆనకుండా ఎడం ఇచ్చి, ఎండలోని యూవీ కిరణాల్ని ఆపే అద్దంలో పెట్టించాల్సిందే. ఇక్కడ మాత్రం షాపుకి డబ్బులు కట్టండి. చేర్యాల నకాశీ బొమ్మకి ఖాదీ మీద సుద్ద మట్టి, గంజి, చింతగింజల జిగురు పూత ఉంటుంది. బిగుతుగా చుడితే పూత విరుగుతుంది. తడి గుడ్డ తగిలితే పూతా రంగూ కరిగి చేతికొస్తాయి. పంపితే పరిచే పంపండి.

గోడ సంగతికొద్దాం. మన దగ్గర మేకు కొట్టాలంటే డ్రిల్లు తెచ్చే మనిషి రావాలి, పక్కింటివాళ్లు తలుపు తీసి చూడాలి. ఇక్కడ గోడ అరంగుళం జిప్సం బోర్డు, దాన్ని డ్రైవాల్ అంటారు. వెనకాల 16 అంగుళాలకొక కర్ర, మధ్యలో బోలు. వేలితో తట్టండి, విన్నారా? ఇన్ని లక్షల డాలర్ల ఇల్లు, గోడ మాత్రం అట్టపెట్టె. మా నాన్నగారికి వీడియో కాల్‌లో వినిపిస్తే ఇల్లు కొనొద్దన్నారు! అయస్కాంతం గోడ మీద జరుపుకుంటూ పోతే స్క్రూ దగ్గర అంటుకుంటుంది, కర్ర అక్కడ ఉన్నట్టు. ఈ బొమ్మ రెండున్నర కిలోలు కూడా ఉండదు కాబట్టి కర్ర దొరక్కపోయినా రెండు చిన్న పిక్చర్ హుక్కులు చాలు. ఒక్కటే కొడితే తలుపు వేసినప్పుడల్లా బొమ్మ పక్కకి వాలుతుంది. బొమ్మ నడిబొడ్డు నేల నుంచి 57 అంగుళాలు, మ్యూజియంవాళ్ల లెక్క అదే. మనవాళ్లు దేవుడి పటంలా పైకి కట్టి మెడలు నొప్పి తెచ్చుకుంటారు.

ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్తాను. ఫైర్‌ప్లేస్ మీద వద్దు, నేల హీటర్ పైన వద్దు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో వంటిల్లూ హాలూ ఒకటే. పొయ్యి పైన ఫ్యాను ఉంటుంది గానీ చాలా ఇళ్లలో అది పొగని బయటికి పంపదు, జల్లెడలోంచి లాగి తిరిగి మన మొహం మీదికే వదులుతుంది. మన తాలింపు నూనె ఆవిరి బొమ్మ మీద జిడ్డు పొరలా కూర్చుంటుంది, దాని మీద దుమ్ము. అగరొత్తులూ అంతే. నీళ్ల గుడ్డతో, అద్దాలు తుడిచే మందుతో రుద్దొద్దు. మెత్తటి పొడి కుంచెతో పైనుంచి కిందికి దులపండి. వేయించేటప్పుడే ఆర్టిస్టుని తీసేయగలిగే రకం వార్నిష్ వేయమంటే జిడ్డు దాని మీదే ఆగుతుంది. అవసరమైతే నిపుణులు వార్నిష్ తీసి కొత్తది వేస్తారు.

ఇక మూలల్లో జిగురు ఎందుకొద్దన్నానో. బార్లతో పాటు ఈ ఎనిమిది చిన్న ముక్కోణపు చెక్కలు వస్తాయి, కీస్ అంటారు. మూలకి రెండేసి. మెల్లగా తడితే చట్రం వెంట్రుకవాసి విచ్చుకుని బట్ట బిగుస్తుంది. బయట పారేసేవాళ్లే ఎక్కువ! వీటిని ఇప్పుడు కొట్టొద్దు, దారంతో కట్టి ఉంచండి. ఊడి బట్టకీ బారుకీ మధ్య పడితే ముందు వైపు ఉబ్బు, తర్వాత పగులు. ఆగస్టు తేమకి బొమ్మ వదులైందని చాలామంది అప్పుడే కొడతారు. జనవరిలో హీటర్ వేసి గదిలో తేమ ఇరవై శాతానికి దిగాక అదే బట్ట బిర్రెక్కి రంగు చిట్లుతుంది. పన్నెండు డాలర్ల తేమ మీటరు, అంటే 1,020 రూపాయలది, ఒకటి కొనుక్కుని, 40కీ 55కీ మధ్య ఉన్న రోజున కూడా బొమ్మ జారుగానే ఉంటే అప్పుడు తట్టండి. వెనకాల పలచటి ఫోమ్ బోర్డు స్క్రూలతో బిగిస్తే తేమ మార్పు నెమ్మదిస్తుంది, పిల్లల బంతి వెనక నుంచి తగిలినా ఫర్వాలేదు.

ఆఖరి పని పెన్సిల్‌తో. వెనక కర్ర బారు మీద రాయండి, బట్ట మీద కాదు, బట్ట మీద రాస్తే ఒత్తిడికి ముందు వైపు గీత తేలుతుంది. ఆర్టిస్టు పేరు, ఊరు, వేసిన సంవత్సరం, ఆక్రిలికా ఆయిలా, సైజు. తెలుగులో రాసి కింద ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాస్తున్నాను, రేపు దీన్ని దించేది ఇక్కడ పుట్టిన పిల్లలే, వాళ్లకి మొదటి వరస చదవడం వస్తుందో రాదో. పిన్నీ, అద్దం వేయించమంటావా అని అడిగావుగా, వద్దు. నీ కలంకారీకి మాత్రం వేయించు.