వెలుతురు తక్కువ, కదలిక ఎక్కువ, ఫ్లాష్ వద్దు: వైజాగ్ రాత్రుల్లో కెనాన్ 85 ఎంఎం ఎఫ్ 1.8 రివ్యూ

నమస్కారం అండీ. నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది. "అన్నా, స్టేజీ మీద డాన్స్ తీస్తే చేతులు, మొహం అన్నీ చెదిరిపోయి వస్తున్నాయి. కొత్త కెమెరా కొనాలా?" అక్కర్లేదు. ఉన్న కెమెరా ఉంచుకుని లెన్స్ మార్చండి. ఈ వీడియో ఆ లెన్స్ గురించే.

ఇదిగో, కెనాన్ ఈఎఫ్ 85 ఎంఎం ఎఫ్ 1.8 యూఎస్ఎం. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుని అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. 1992లో మార్కెట్లోకి వచ్చింది. బరువు 425 గ్రాములు, ముందు 58 ఎంఎం ఫిల్టర్ పడుతుంది. నేను దీన్ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని కెనాన్ 80డీ కెమెరా మీద వాడుతున్నాను. 80డీ కూడా కొత్తదేమీ కాదు, 2016 మోడల్. దాని సెన్సర్ చిన్నది కాబట్టి 85 ఎంఎం కాస్తా 136 ఎంఎం లెన్స్‌లా దగ్గరగా చూపిస్తుంది. హాల్లో మూడో వరుసలోనో నాలుగో వరుసలోనో కూర్చుని డాన్సర్‌ని తీయాలంటే ఆ దూరం చక్కగా సరిపోతుంది.

ముందు ఈ రెండు ఫోటోలు చూడండి. ఒకే స్టేజీ, ఒకే లైటింగ్, రెండిటికీ ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా చూపించే చురుకు, 3200. ఎడమవైపుది కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో తీసింది. 55 దగ్గర అది ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. అందుకే షట్టర్, అంటే ఫోటో మీద వెలుతురు పడే సమయం, సెకనులో 1/60కి దిగిపోయింది. అమ్మాయి మొహం ఫర్వాలేదు గానీ చేతులు చూడండి, పొగలా ఉన్నాయి. కుడివైపుది 85తో, ఎఫ్ 2 దగ్గర. షట్టర్ 1/500. ముద్ర పట్టిన వేళ్లు, వేలికొసల పారాణి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఎఫ్ 5.6కీ ఎఫ్ 2కీ మధ్య మూడు స్టాపులు. ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు, అంటే 8 రెట్లు వెలుతురు. కిట్ లెన్స్‌తోనే 1/500 కావాలంటే ఐఎస్ఓ 25600కి ఎక్కాలి. 80డీలో మామూలుగా ఉండే పరిమితి 16000. ఆ పైన 25600 కావాలంటే మెనూలోకి వెళ్లి విడిగా ఆన్ చేయాలి. చేసినా ఆ ఫోటో చూడబుద్ధి కాదు.

"ఈ లెన్స్‌లో స్టెబిలైజేషన్ లేదు కదా?" అంటారు. లేదు. ఈ పనికి దాని అవసరమూ లేదు. స్టెబిలైజేషన్ సరిచేసేది మన చేతి వణుకుని. ఎదుటి మనిషి కదిలితే అది చేయగలిగిందేమీ లేదు. డాన్సర్ చేతిని ఆపగలిగేది షట్టర్ ఒక్కటే. అందుకే ముందు షట్టర్ ఎంత కావాలో నిర్ణయించుకుని, దాన్ని కదపకుండా, మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్చుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నాయిస్, అంటే ఫోటో మీద ఇసుక చల్లినట్టు మచ్చలు, వస్తుందని భయపడి ఐఎస్ఓ 800 దగ్గర ఆపేస్తారు, షట్టర్‌ని దేవుడికి వదిలేస్తారు. నాయిస్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు. ఫోటోలు సరిదిద్దే అడోబీ లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఏఐ డీనాయిస్, రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) ఇస్తే ఐఎస్ఓ 6400 ఫోటోని కూడా శుభ్రంగా తేరుస్తుంది. చెదిరిన చెయ్యి మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సరిగ్గా తిరిగి రాదు.

ఇప్పుడు అసలు చోట్లకి వెళ్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూచిపూడి. మన కళాభారతి లాంటి ఆడిటోరియంలో కార్యక్రమం జరుగుతుంటే ఫ్లాష్ గురించి ఆలోచించకండి. ముఖ్యంగా తరంగం చేసేటప్పుడు. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తాళానికి తగ్గట్టు దాన్ని జరుపుకుంటూ వెళ్తున్న మనిషికి కళ్లల్లో ఫ్లాష్ పడితే బైర్లు కమ్ముతాయి, కాలు జారుతుంది. ఎవరూ వద్దని చెప్పకపోయినా మనమే ఆఫ్ చేసి పెట్టుకోవాలి. ఆటోఫోకస్ కోసం కెమెరా వేసే చిన్న లైటు ఉంటుందే, దాన్ని కూడా.

ఈ ఫోటో కాస్త జూమ్ చేస్తాను. కాలి వేళ్లు చూడండి, పళ్లెం అంచుని ఎలా పట్టుకున్నాయో. బొటనవేలు వంగి అంచు మీద బిగిసింది, మడమ కొద్దిగా పైకి లేచింది. గజ్జెల్లో కింది వరస మాత్రం చెదిరింది, ఎందుకంటే ఆ క్షణంలో పాదం అదురుతోంది. దీనికి షట్టర్ 1/320. కావాలనే అంత పెట్టాను. 1/1000 పెడితే గజ్జెలు కూడా గడ్డకట్టి, ఆవిడ పళ్లెం మీద ఊరికే నిలబడినట్టు ఉంటుంది. అభినయం నడుస్తుంటే నేను 1/250 పెడతాను, జతులు, అంటే తాళానికి వేసే వేగమైన అడుగులు, మొదలవగానే 1/500కి వెళ్తాను.

ఇక్కడ ఒక మాట. కెమెరాలో కన్ను పెట్టే ముందు మృదంగం మీద చెవి పెట్టండి. ముక్తాయింపు, అంటే వాయింపుని ముగించే ముక్క, సాధారణంగా మూడుసార్లు వస్తుంది, మూడోసారి సమం, అంటే తాళం మొదటి దెబ్బ, మీద పడుతుంది. అక్కడ డాన్సర్ భంగిమలో ఒక్క క్షణం ఆగుతుంది. మొదటి రెండుసార్లు ఊరికే వినండి, ఫ్రేమ్ సర్దుకోండి, మూడోసారి నొక్కండి. 1/250 కూడా చాలు, బొమ్మ చెక్కినట్టు వస్తుంది. గెంతు కూడా అంతే. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం ఉంటుంది, శిఖరం మీద ఉండదు. తాళం తెలియకుండా బర్స్ట్ (వరసగా ఫోటోలు తీసే మోడ్) నొక్కిపెడితే లాభం లేదు. 80డీ సెకనుకి 7 ఫ్రేములే తీస్తుంది, ఆ క్షణం సరిగ్గా రెండు ఫ్రేముల మధ్య జారిపోతుంది. పైగా హాల్లో ఆ టకటక చప్పుడు పక్కవాళ్లకి చిరాకు. సైలెంట్ మోడ్ పెట్టుకుంటే సెకనుకి 3 ఫ్రేములే, కానీ చెవి పనిచేస్తుంటే అవి చాలు.

మీటరింగ్‌ని అస్సలు నమ్మకండి, అంటే వెలుతురెంత ఉందో కెమెరా తానే వేసే అంచనాని. వెనక నల్ల తెర ఉంటుంది కదా, కెమెరా దాన్ని చూసి "అబ్బో చీకటి" అనుకుని మొహాన్ని తెల్లగా కాల్చేస్తుంది. పూర్తి మాన్యువల్‌లో పెట్టి, మొహం మీద పడే వెలుతురుకి తగ్గట్టు సెట్ చేసుకోండి. ఎరుపు లేదా నీలం ఎల్ఈడీ లైట్లు పడినప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుతురు ఎలా ఉందో చూపే గ్రాఫ్) అంతా బాగుందనే చెబుతుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి చూడండి, ఆ రంగు గీత కుడిగోడకి గుద్దుకుని ఉంటుంది. అప్పుడు అర స్టాపో, ఒక స్టాపో తగ్గించాలి. లేకపోతే పట్టుచీర మడతలన్నీ ఒకే రంగుముద్ద అయిపోతాయి.

లెన్స్ లోపాల దగ్గరికి వద్దాం. పెద్దది ఊదారంగు అంచు. ఎఫ్ 1.8 దగ్గర పాపిటబిందె, చెంపస్వరాలు, వడ్డాణం లాంటి మెరిసే నగల చుట్టూ ఊదా గీత వస్తుంది. ఈ జూమ్‌లో చూడండి, స్పష్టంగా కనిపిస్తోంది. ఎఫ్ 2కి వస్తే కొంచెం, ఎఫ్ 2.8కి వస్తే బాగా తగ్గుతుంది. లైట్‌రూమ్‌లో డీఫ్రింజ్‌తో తీసేయొచ్చు, కానీ పెళ్లి ఆల్బమ్ అంతా అలా చేయాలంటే విసుగే. రెండోది, దుమ్మూ తేమా ఆపే సీలింగ్ లేదు. మూడోది, 85 సెంటీమీటర్ల కంటే దగ్గర ఫోకస్ కాదు. లెన్స్ ముందు తగిలించే హుడ్ పెట్టెలో రాదు, విడిగా కొనాలి. కొనండి, ఎందుకంటే పక్క నుంచి స్టేజీ లైటు గాజు మీద పడితే కాంట్రాస్ట్ మొత్తం పోతుంది.

ఫోకస్ మాత్రం బంగారం. రింగ్ మోటార్, చప్పుడు లేకుండా చటుక్కున పట్టుకుంటుంది. ఏఐ సర్వో (కదిలేవాళ్లని వెంబడిస్తూ ఫోకస్ చేసే మోడ్) పెట్టండి, ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనక ఏఎఫ్-ఆన్ బటన్‌కి ఇవ్వండి, మధ్య పాయింట్ వాడండి. చీకట్లో 80డీకి అన్నిటికంటే చురుకైన పాయింట్ అదే.

ఈ ఫోకస్ కి అసలు పరీక్ష తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం. ఆనందపురం, భీమిలి వైపు ఊరి పండగల్లో చూసే ఉంటారు. రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు, వాయిస్తూనే గెంతుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కుతారు. వెలుతురేమో గ్రౌండ్ మూలన వెదురుబొంగుకి కట్టిన రెండు ఫోకస్ లైట్లు. అడ్డంగా కదిలేవాళ్లని ఆపడానికి షట్టర్ కావాలి, సరే. కానీ మన మీదకి వచ్చేవాళ్లతో కష్టం ఫోకస్‌ది. 5 మీటర్ల దూరంలో ఎఫ్ 2 దగ్గర స్పష్టంగా ఉండే లోతు ఈ కెమెరాలో దాదాపు 25 సెంటీమీటర్లే, ఒక అడుగు కూడా లేదు. అతను ఒక్క గెంతు గెంతితే ఆ లోతు దాటేస్తాడు. ఇక్కడ నేను ఎఫ్ 2.8కి వెళ్లి ఐఎస్ఓని 6400 చేస్తాను. వీలైతే వెనక్కి కూడా జరుగుతాను, 10 మీటర్లకి వెళ్తే ఎఫ్ 2 దగ్గరే లోతు మీటరుకి వస్తుంది. ఈ ఫోటో అలా తీసిందే. అరచెయ్యి రేకుకి తగిలిన క్షణం. గడ్డం నుంచి రాలిన చెమటచుక్క గాలిలో ఉంది, అది కూడా గుండ్రంగానే ఉంది. నాయిస్ ఉంది, అవును. ఈ ఫోటో చూసి నాయిస్ గురించి అడిగినవాళ్లు ఎవరూ లేరు.

కబడ్డీ, పోర్ట్ ఇండోర్ స్టేడియంలో గానీ బయట లైట్ల కింద గానీ, 1/640 నుంచి 1/800. ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాతరకం ట్యూబులు, ఫ్లడ్ లైట్లు సెకనుకి 100 సార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. కంటికి తెలియదు, 1/800కి తెలుస్తుంది. వరసగా తీసిన నాలుగు ఫోటోల్లో ఒకటి పసుపు, ఒకటి నలుపు, ఒకదానిలో సగం మనిషి చీకట్లో. కెనాన్ 2014లో 7డీ మార్క్ 2తో యాంటీ ఫ్లికర్ తెచ్చింది, 80డీలో కూడా ఉంది. మెనూలో ఆన్ చేస్తే లైటు పెరిగిన క్షణం కోసం ఆగి షట్టర్ కొడుతుంది. స్పీడు కొంచెం తగ్గుతుంది, అయినా లాభమే. కానీ కొన్ని చవక ఎల్ఈడీలు వేరే వేగంతో మినుకుతాయి, వాటిని ఇది పట్టుకోలేదు. అక్కడ షట్టర్ కొంచెం కొంచెం మార్చి చూసుకోవడమే.

ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలకి మాత్రం ఈ లెన్స్ పొట్టిది, నిజం చెప్పాలి. మన బీచ్ తూర్పుకి ఉంది, సూర్యుడు జనం వెనక ఊరివైపు దిగిపోతాడు. డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నరకల్లా సముద్రం మీద చీకటి పడుతుంది. హెలికాప్టర్ ఫ్రేములో చిన్నగానే వస్తుంది. దానికి పొడుగు లెన్స్ అద్దెకి తెచ్చుకోండి. షట్టర్ మాత్రం 1/125 దగ్గరే ఉంచండి. ఎక్కువ పెడితే రెక్కలు ఆగిపోయి గాలిలో వేలాడదీసిన బొమ్మలా ఉంటుంది. బీచ్ రోడ్డు మీద బస్సులూ బైకులూ అయితే 1/30 పెట్టి, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర నిలబడి, నడుము నుంచి తిరుగుతూ బండితో పాటు కెమెరాని జరపండి. బండి స్పష్టంగా, వెనక లైట్లు గీతల్లా వస్తాయి.

వైజాగ్‌లో ఉన్నాం కాబట్టి ఇది తప్పక చెప్పాలి. ఏసీ కారులోంచో హాల్లోంచో బీచ్‌లోకి దిగగానే లెన్స్ తీయకండి, గాజు మీద వెంటనే పొగమంచు పడుతుంది. బ్యాగులోనే కాసేపు ఉంచి, బయటి వేడికి అలవాటు పడనివ్వండి. ఇంటికి రాగానే ఉప్పుతడి తుడిచి, సిలికా జెల్ ఉన్న గాలిచొరని డబ్బాలో పెట్టండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఆ తేమే మీ మొదటి అనుమానం కావాలి. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తే ఫంగస్, ఎంత చవకైనా వదిలేయండి. రెండు దుమ్ము రేణువులుంటే ఏం కాదు. తర్వాత దగ్గర నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరికి ఫోకస్ చేసి చూడండి. మోటార్ తడబడినా, గరగరమన్నా వద్దు.

మిర్రర్‌లెస్ ఆర్ సిరీస్ ఉన్నవాళ్లు ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌తో దీన్నే వాడొచ్చు. ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రం ఎల్ఈడీ లైట్ల కింద ఆపేయండి, ఫోటో మీద అడ్డ చారలు వస్తాయి. నికాన్ వాళ్లకి 2012లో వచ్చిన 85 ఎఫ్ 1.8జీ, సోనీ వాళ్లకి 2017లో వచ్చిన ఎఫ్ఈ 85 ఎఫ్ 1.8 ఉన్నాయి. ఇప్పుడు చెప్పిన షట్టర్ లెక్కలు వాటికీ ఇంతే. లెన్స్ చేతికి రాగానే నేరుగా ప్రోగ్రామ్‌కి వెళ్లకండి. మీ వీధిలో పిల్లలకి డాన్స్ నేర్పే గురువుగారు ఉంటే, ఆవిడనీ పిల్లల తల్లిదండ్రులనీ అడిగి ఒక సాయంత్రం రిహార్సల్‌లో కూర్చోండి. ఒకే జతి పదిసార్లు చేస్తారు, మీకు పది అవకాశాలు దొరుకుతాయి. బాగా వచ్చిన ఫోటోలు వాళ్లకి కూడా పంపండి.