నడుస్తున్నారని రాయాలా, వద్దా?

అందరికీ నమస్కారమండీ. ఇక్కడ చివరి సంవత్సరం నర్సింగ్ పిల్లలు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి, పరీక్షలో రాని ప్రశ్న ఒకటి మాట్లాడుకుందాం. ఇంటికెళ్లి నర్సింగ్ చేసేటప్పుడు, ఫలానా పేషెంటు సాయానికి అర్హుడా కాదా అన్నది చాలాసార్లు మనం రాసే నాలుగు ముక్కల మీద ఆధారపడుతుంది.

మన గోదావరి జిల్లాల్లో ముందు ఎదురయ్యేది పింఛను సంగతి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 2024 జులై నుంచి నెలకి 15,000 రూపాయలు వస్తోంది. మామూలు దివ్యాంగుల పింఛను 6,000. మీరు నెలల తరబడి వ్యాయామాలు చేయించి, పడకవల్ల పట్టిన బెడ్‌సోర్ మాన్పి, పెద్దాయన్ని కర్ర సాయంతో వీధి అరుగు దాకా నడిపించారనుకోండి. మీకు సంబరం. ఆ ఇంటావిడ మాత్రం మిమ్మల్ని పెరట్లోకి పిలిచి, "సిస్టర్ గారూ, నడుస్తున్నారని మాత్రం రాయకండమ్మా, మందులన్నీ ఆ డబ్బుతోనే" అంటుంది. 2025 జనవరిలో డాక్టర్ల బృందాలు ఇళ్లకే వచ్చి తనిఖీలు మొదలుపెట్టాయి కదా, ఆవిడ టెన్షన్ ఊరికే పుట్టింది కాదు.

ఆవిడ మోసగత్తె కాదండీ. కోలుకున్నందుకు జరిమానా వేసినట్టుంది ఆ లెక్క. అయినా నడిచిన మనిషిని నడవలేదని రాయకూడదు. రేపు ఆయన బాత్‌రూమ్‌లో పడితే, మీ చార్టు చూసిన డాక్టరు మంచం మీది మనిషి ఎలా పడ్డాడని తల పట్టుకుంటాడు. అలాగని "నడుస్తున్నారు" అని ఒక్క మాట గీకి వచ్చేయడం కూడా సగం అబద్ధమే. ఎన్ని అడుగులు, ఎవరు పట్టుకుంటే, ఆ తర్వాత ఎంత ఆయాసం, రాత్రిపూట మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్లగలరా, అన్నీ రాయండి. ఆ వివరాలు చదివినవాళ్లకి ఆయన అవసరం ఎంతో తెలుస్తుంది.

మీలో కొందరు అమెరికా వెళ్తారు. అక్కడ పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఇంటి నర్సింగ్‌కి డబ్బు కట్టాలంటే, పేషెంటు ఇల్లు దాటడం కష్టమని, నర్సో థెరపిస్టో చేయాల్సిన పని ఉందని ధ్రువీకరణ కావాలి. అయితే చర్చికో డయాలసిస్‌కో వెళ్లినంత మాత్రాన అర్హత పోదు. మెరుగయ్యే ఆశ లేదన్న కారణంతో సేవ ఆపకూడదని 2013లో మెడికేర్ మీద నడిచిన జిమ్మో కేసు రాజీలో స్పష్టం చేశారు. ఆ ఇంగితం మన ఫారాల్లోకి ఎప్పుడొస్తుందో!

రెండో చిక్కు గురించి ఎవరూ మాట్లాడరు. పట్నంలో పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లికి బీపీ చూడటానికి రోజూ నర్సు దొరుకుతుంది. గోదావరి మధ్య లంకలో షుగర్ పుండుతో ఉన్న రైతుకూలీకి, పంటు పడవ మీద ఏరు దాటి వెళ్లాలి కాబట్టి, "ఈ కేసు మనకి కుదరదు" అంటారు. రాతలో పెట్టని అర్హత అది. డబ్బు, దారి చూసి ఇచ్చేది. డెబ్భై దాటినవాళ్లకి కేంద్రం ఇచ్చే 5 లక్షల బీమా ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పటి వైద్యానికే. ఇంటి దగ్గర డ్రెస్సింగ్‌కి రాదు.

ఇలాంటివాళ్లకి సేవ ఆపమని మీ పైవాళ్లు చెబితే, ఆపమన్నది ఎవరో, కారణమేంటో ఫైల్లో రాయించుకోండి. ఇంట్లో ఒకరి చేత మీ కళ్లముందు డ్రెస్సింగ్ చేయించండి. పుండు వాసనొస్తే, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పి, ఆ ఊరి ఆరోగ్య నర్సు అయిన ఏఎన్‌ఎమ్ నంబరు గోడ మీద రాసి రండి. ఆగస్టు వరదకి పంటు ఆగిపోకముందే ఇదంతా జరగాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.