జీతంలో కనిపించని కోత

(ఒడిశాలోని రాయగడలో తెలుగు కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ భోజనాల వేళ దగ్గర పడుతుండగా, ఇన్సూరెన్స్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక ఆసుపత్రి బిల్లు ఉందన్నమాట. నేను డాక్టర్ని కాను. ఇన్సూరెన్స్ ఏజెంటుని అసలే కాను, భయపడకండి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక ఫ్యాక్టరీలో జీతాల సెక్షన్లో కూర్చున్నాను. పే స్లిప్పులో ఏ గడిలో ఏ కోత పడుతుందో తెలుసు. నా చదువు అంతవరకే.

ఆ గడుల దగ్గరే మొదలుపెడదాం. మీ నెల జీతం 20,800 రూపాయలు అనుకోండి. ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా కింద మీ దగ్గర 0.75 శాతం, అంటే 156 రూపాయలు పట్టుకుంటారు. యజమాని 3.25 శాతం, అంటే 676 కడతాడు. రెండూ కలిపి 832. ఈ డబ్బుకి మీకు, మీ ఆవిడకి, పిల్లలకి, మీమీద ఆధారపడ్డ అమ్మానాన్నలకి వైద్యం. ఇన్ని లక్షల దాకానే అన్న హద్దు లేదు. జబ్బుచేసి పనిలోకి వెళ్లలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. డిస్పెన్సరీలో మందులు ఉండవు, పెద్దాసుపత్రికి రాయించుకోవాలంటే కాళ్లరిగేలా తిరగాలి అంటారు. కాదనను, నేనూ తిరిగాను. కానీ నెలకి 832 రూపాయలకి ఇంత బాధ్యత నెత్తినేసుకునే ప్రైవేటు కంపెనీ ఒక్కటి చూపించండి, నేనే వెళ్లి చేరతాను.

ఇప్పుడు మీకు 500 ఇంక్రిమెంటు వచ్చింది. జీతం 21,300 అయింది. ఈఎస్ఐ హద్దు 21,000, జీతం అది దాటితే ఈఎస్ఐ ఉండదు. 2017 జనవరి 1 నుంచి ఆ గీత అక్కడే ఉంది. ఈలోగా బియ్యం ధర కదిలింది, స్కూలు ఫీజు కదిలింది, రాయగడలో ఇంటద్దె కదిలింది, ఆ గీత మాత్రం కదల్లేదు. ఇంక్రిమెంటు లెటరు అందుకుని సెక్షన్ అంతా స్వీట్లు పంచిన ఆపరేటర్ ఒకతను, తర్వాత కొన్నాళ్లకి నా బల్ల దగ్గరకొచ్చి, "బాబూ, ఆ ఐదొందలూ మీరే ఉంచుకోండి, నా కార్డు నాకు ఉంచండి" అన్నాడు. ఇంట్లో వాళ్లమ్మకి వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఏం చెప్తాం?

ఇక్కడొక విషయం చాలామందికి తెలీదు. జీతం గీత దాటిన రోజే కార్డు పోదు. చందా లెక్క ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు భాగాలు. జూన్‌లో జీతం పెరిగినా సెప్టెంబరు దాకా చందా కట్టాల్సిందే. ఆ చందాకి ప్రయోజనం వచ్చే ఏడాది జనవరి నుంచి జూన్ దాకా నడుస్తుంది. అంటే చేతిలో కొంత వ్యవధి ఉంటుంది. ఆపరేషన్ వాయిదా వేసుకుంటున్నవాళ్లు, వెయ్యకండి.

గీత దాటినవాళ్లకి కంపెనీ గ్రూప్ మెడిక్లెయిమ్, అంటే ఉద్యోగులందరికీ కలిపి తీసే ఆసుపత్రి బీమా ఇస్తుంది, ఇస్తే. మూడు లక్షల పాలసీ అంటారు, చేతిలో ఒక కార్డు పెడతారు. మూడు లక్షలు అన్న మాట ఒక్కటే మనకి గుర్తుంటుంది. రూమ్ రెంట్ హద్దు రోజుకి పాలసీ మొత్తంలో ఒక శాతం అని లోపలెక్కడో ఉంటుంది, అది చదవం. సరే, విశాఖపట్నంలో చేరారు. హద్దు ప్రకారం రోజుకి 3,000 గది తీసుకోవాలి. ఖాళీ లేదన్నారు, 6,000 గది ఇచ్చారు. ఐదు రోజులకి గది అద్దె 30,000. పాలసీ ఇచ్చేది 15,000. పోనీలే, 15,000 మనమే కట్టుకుందాం అనుకుంటాం. కథ అక్కడితో అయిపోదు. మీకు అర్హత ఉన్న గది కంటే రెట్టింపు గదిలో ఉన్నారు కాబట్టి సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు, నర్సింగ్, వీటన్నిటిలోనూ సగమే ఇస్తారు. అవన్నీ కలిపి లక్ష అయితే 50,000 మీది. మందులకి, లోపల వేసే స్టెంటు లాంటివాటికి ఈ నిష్పత్తి కోత ఉండకూడదని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది కాబట్టి అంతవరకు నయం. గ్లవ్సులు, కాటన్, ఫైలు చార్జీ అని మరో చిట్టా వేరే. మొత్తానికి పాలసీలో రెండు లక్షలకి పైగా మిగిలి ఉండగానే మీరు 65,000 పైన అప్పు చేసి డిస్చార్జి అవుతారు. ఆ అప్పు ఎక్కడ తెస్తారో, నూటికి ఎంత వడ్డీకో ఇక్కడ కూర్చున్న ఆడవాళ్లని అడిగితే నాకంటే బాగా చెప్తారు.

గ్రూప్ పాలసీకి ఏటా రెన్యువల్ ఉంటుంది. పోయినేడాది మీ ఫ్యాక్టరీవాళ్లు కట్టిన ప్రీమియం ఎంత, తీసుకున్న క్లెయిములు ఎంత అని చూసి కొత్త ధర చెప్తారు. వేలమంది ఉన్నచోట ఒక క్యాన్సర్ కేసు లెక్కలో కలిసిపోతుంది. అరవై మంది పనిచేసే చిన్న యూనిట్లో ఒక్క కేసు మొత్తం ధరని ఎగదోస్తుంది. అప్పుడు మేనేజ్‌మెంట్ ముందు రెండు దార్లు. ప్రీమియం పెంచి కట్టడం, లేదా పాలసీని కోయడం. సాధారణంగా రెండోదే చేస్తారు, అదీ చప్పుడు కాకుండా. ముందు తల్లిదండ్రుల పేర్లు తీసేస్తారు. కావాలంటే మీ డబ్బుతో కట్టుకోమంటారు. తర్వాత కో-పే అని పెట్టి బిల్లులో పదో ఇరవయ్యో శాతం మీ మీద వేస్తారు. రూమ్ రెంట్ హద్దు దించుతారు. పేస్లిప్పులో ఒక్క రూపాయి తేడా కనిపించదు. ఆసుపత్రి కౌంటర్ దగ్గర కనిపిస్తుంది.

"ఇన్సూరెన్స్ కంపెనీయే కడుతోంది కదా, మనదేం పోయింది" అనేవాళ్లతోనే నాకు పేచీ. అపాయింట్‌మెంట్ లెటర్లో సీటీసీ అని, అంటే మీమీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు అని రాసిన పెద్ద అంకె ఉంటుంది చూడండి, అందులో ఈ ప్రీమియం కలిపే ఉంటుంది. ప్రీమియం పెరిగితే చేతికొచ్చే జీతం పెరగాల్సినంత పెరగదు. ఈఎస్ఐలో యజమాని వాటాని కార్మికుడి జీతంలోంచి పట్టుకోకూడదని చట్టమే చెప్తోంది. ఆ వాటాని కూడా సీటీసీలో చూపించి జీతం ఖరారు చేస్తున్నారు. సెక్షన్లో కూర్చుని ఆ లెక్కలు వేసినవాణ్ణి, నాకు తెలుసు. కడుతున్నది మనమే. మనం కడుతున్నదాని గురించి మనల్ని అడిగేవాళ్లు లేరు.

పన్ను సంగతి ఒక్క మాటలో చెప్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిగా కొనుక్కునే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. గ్రూప్ పాలసీల మీద 18 శాతం అలాగే ఉంది. స్థోమత ఉండి సొంతంగా కొనుక్కున్నవాడికి ఊరట, కార్మికుడికి కంపెనీ తీసే పాలసీకి పన్ను. ఇదేం న్యాయమో మరి.

మన పర్లాకిమిడి, గుణుపురం పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు, అక్కడ ఆసుపత్రి ఖర్చులన్నీ ఇన్సూరెన్సే చూసుకుంటుందని ఇక్కడ చెప్పుకుంటాం. అక్కడ పనిచేసే కుటుంబాల్లో ఎక్కువమందికి యజమాని ద్వారా వచ్చే పాలసీయే దిక్కు. కేఎఫ్ఎఫ్ అనే సంస్థ ఏటా చేసే సర్వేలో, 2025లో ఒక కుటుంబ పాలసీ సగటు ప్రీమియం ఏడాదికి 26,993 డాలర్లు. అంతకు ముందేడు 25,572. అందులో ఉద్యోగి జీతంలోంచి కోసుకునేది సగటున 6,850 డాలర్లు. ఇవన్నీ కట్టాక కూడా డిడక్టిబుల్ అని ఉంటుంది, అంత మొత్తం ముందు జేబులోంచి ఖర్చు పెడితేగాని చాలా ఖర్చులకి పాలసీ కదలదు. అన్నిటికంటే పెద్ద భయం ఉద్యోగం. పిల్లాడికి మందులు నడుస్తుంటే, పై అధికారి ఎంత సతాయించినా ఉద్యోగం మానలేరు.

అక్కడ ఇది ఎవరూ కూర్చుని ఆలోచించి కట్టిన పద్ధతి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో జీతాలు పెంచకూడదని ప్రభుత్వం కట్టడి పెట్టింది. మనుషులు దొరకని యజమానులు జీతం బదులు ఆరోగ్య బీమా ఎర వేశారు. తర్వాత పన్ను రాయితీ తోడై అది పాతుకుపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలో ప్రొఫెసర్ బి.పి. అడార్కర్ ఫ్యాక్టరీ కార్మికులకి ఆరోగ్య బీమా ఎలా ఉండాలో 1944లో నివేదిక రాశారు. దాని మీదే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్లో నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. అడార్కర్ దారిలో చందా జీతాన్నిబట్టి, వైద్యం అవసరాన్నిబట్టి. అమెరికా దారిలో వైద్యం యజమాని రెన్యువల్‌నిబట్టి. జీతం 21,000 దాటగానే మనల్ని మొదటి దారిలోంచి తీసి రెండో దారిలో వదులుతున్నారు. ఆ గీత పెంచమని అడగడం అందుకే ముఖ్యం. ఏ యూనియన్ జెండా కింద నిలబడి అడుగుతారో మీ ఇష్టం.

సరిహద్దు తిప్పలు వేరే ఉన్నాయి. మా చెల్లెలు పార్వతీపురంలో ఉంటుంది, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అన్న మాట వాళ్లింట్లో ఎప్పటినుంచో ఉంది. అదే జబ్బుతో అదే విశాఖ ఆసుపత్రికి నేను వెళ్తే ఆ కౌంటర్లో నాకు చోటు లేదు, నాది ఒడిశా రేషన్ కార్డు. ఇక్కడ మొదట బిజూ స్వాస్థ్య కల్యాణ్ అనే రాష్ట్ర ఆరోగ్య పథకం ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆయుష్మాన్ భారత్, రాష్ట్రం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి కుటుంబానికి ఏటా 5 లక్షలు, ఆడవాళ్లకి మరో 5 లక్షలు ఇస్తున్నారు. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితే రాష్ట్రం దాటినా చెల్లుతుంది. విశాఖకి రైలెక్కే ముందే ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. అయితే నెలకి పాతిక వేలొచ్చే ఫ్యాక్టరీ ఉద్యోగికి రేషన్ కార్డు ఉండదు కాబట్టి ఈ పథకమూ ఉండదు, ఈఎస్ఐ ఉండదు. అటు పేదవాడూ కాదు, ఇటు ఉన్నవాడూ కాదు. నేను మాట్లాడుతున్నది ముఖ్యంగా అతని గురించి.

అతను చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. రెన్యువల్ ఏ నెలలోనో కనుక్కుని, దానికి రెండు నెలల ముందే పాలసీ కాగితం మొత్తం ఇమ్మని రాతపూర్వకంగా అడగాలి. వేతన ఒప్పందం మాట్లాడేటప్పుడు బేసిక్, డీఏతోపాటు రూమ్ రెంట్ హద్దునీ, కో-పేనీ చర్చలో పెట్టాలి. రిటైరయ్యేవాళ్లు, మానేసేవాళ్లు అదే బీమా కంపెనీ విడి పాలసీలోకి మారే వీలుందేమో ఉద్యోగంలో ఉండగానే అడగాలి. పాత జబ్బులకి పాలసీ వర్తించడానికి ఆగాల్సిన కాలంలో, గ్రూపులో గడిచిన కాలం కలిసొస్తుంది. కాంట్రాక్టు కార్మికులు, మీ కాంట్రాక్టరు ఈఎస్ఐ పట్టుకుని కట్టకపోతే ప్రధాన యజమాని జవాబు చెప్పాలి, కాబట్టి గేటు దగ్గర కాదు, ఆఫీసులో అడగండి.

తల్లిదండ్రుల పేర్లు తీసేశారని బాధపడుతున్నవాళ్లకి ఒక మాట. 70 ఏళ్లు నిండినవాళ్లకి 2024 అక్టోబరులో మొదలైన పథకం కింద ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు, కొడుక్కి ఈఎస్ఐ ఉన్నా, ప్రైవేటు పాలసీ ఉన్నా సరే. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉండాలి. మన పెద్దవాళ్లలో సగం మందికి జనవరి ఒకటే పుట్టినరోజు, దానికేం ఇబ్బంది లేదు, సంవత్సరం సరిపోతే చాలు. ఆధార్, దానికి కలిపిన ఫోను తెచ్చినవాళ్లు ఆ కిటికీ పక్క బల్ల దగ్గరకి రండి, మా కుర్రాళ్లు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. పే స్లిప్పులు తెచ్చినవాళ్లు నా దగ్గర కూర్చోండి. భోజనాలు కాస్త ఆలస్యమైనా పర్లేదు కదా?