ముందు కేసు షీట్ అడగండి: వైద్య నిర్లక్ష్యం, నష్టపరిహారం

సభకు నమస్కారం.

ఆస్పత్రిలో తమవారికి అన్యాయం జరిగిందని నమ్మిన కుటుంబాలు చాలాసార్లు గేటు ముందు బైఠాయించి, పెద్దమనుషుల సమక్షంలో ఎంతో కొంతకు రాజీపడి వెళ్లిపోతున్నాయి. వారి దుఃఖాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ రాజీతో అసలేం జరిగిందో తెలుసుకునే దారి కూడా మూసుకుపోతోందన్నదే నా ఆవేదన. అందుకే ముందుగా కేసు షీట్, అంటే ఆస్పత్రిలో రోగి చికిత్స వివరాలు రాసే రికార్డు గురించి చెబుతాను.

రోగి గానీ, వారి తరఫున అధికారం ఉన్నవారు గానీ కోరితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నిరాకరిస్తే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోవద్దు. అది చివర్లో రాసేది. నర్సుల నోట్సు, మందుల చార్టు, మత్తుమందు రికార్డు చికిత్స జరుగుతుండగానే రాసేవి గనుక, ఏ మందు ఎప్పుడు ఇచ్చారో, పరిస్థితి విషమించాక డాక్టరు ఎంతసేపటికి వచ్చారో వాటిలోనే తేలుతుంది. చికిత్సకు ఒప్పుకుంటూ రోగి సంతకం చేసే అంగీకార పత్రం నకలు తప్పక అడగండి.

ఆ పత్రం విలువ ఎంతో హైదరాబాద్ నిమ్స్ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపిస్తుంది. 1990లో ఛాతీలో కణితితో చేరిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, ముక్క తీసి పరీక్షించడానికి మాత్రమే ఒప్పుకోగా, వైద్యులు కణితినే తొలగించారు. ఆ ఆపరేషన్‌లో న్యూరోసర్జన్ లేరు. నడుము కింది భాగం చచ్చుబడిన ఆ యువకుడు సుప్రీంకోర్టులో తన వాదన తానే వినిపించారు. నర్సు సేవలు, ఫిజియోథెరపీ, మందులు, కోల్పోయిన సంపాదన, అనుభవించిన బాధ, ఇలా పద్దుల వారీగా లెక్కించి కోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. బాధితుడు ప్రాథమికంగా నిర్లక్ష్యాన్ని చూపితే, తమ తప్పు లేదని నిరూపించుకునే భారం ఆస్పత్రిపైకి మారుతుందనీ చెప్పింది. మనిషి జీవితకాలపు అవసరాలను ఇంత ఓపికగా లెక్కగట్టిన తీర్పులు అరుదు.

చికిత్స విఫలమైన ప్రతిసారీ నిర్లక్ష్యం ఉన్నట్టు కాదు. సాధారణ నైపుణ్యం ఉన్న వైద్యుడు తీసుకోవలసిన జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే ప్రశ్న. నిపుణుడి సాక్ష్యం లేకపోతే కేసు నిలవదని భయపడేవారికి 2010 నాటి మరో హైదరాబాద్ కేసు ధైర్యమిస్తుంది. మలేరియాతో బాధపడుతున్న మహిళకు టైఫాయిడ్ చికిత్స చేయగా ఆమె మరణించారు. ప్రతి కేసులోనూ నిపుణుల అభిప్రాయం అవసరం లేదని చెప్పి, జిల్లా వినియోగదారుల ఫోరం ఇచ్చిన పరిహారాన్ని సుప్రీంకోర్టు పునరుద్ధరించింది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిషన్లలో దేనికి వెళ్లాలన్నది మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, ఆస్పత్రికి చెల్లించిన సొమ్మును బట్టి ఉంటుంది. అది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులు మాత్రం ఈ చట్టం కిందికి రావు, అక్కడ సివిల్ కోర్టును ఆశ్రయించాలి. కమిషన్‌లో గడువు 2 సంవత్సరాలు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి, మన్నించమని ఫిర్యాదుతోపాటే దరఖాస్తు పెట్టుకోవాలి.