ఉంగరపు వేలు మాట వినాలంటే
(అనంతపురంలో గిటార్ నేర్చుకుంటున్నవాళ్ళ కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గిటార్లు కాసేపు పక్కన పెట్టండి. ఎడమ అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టి, మధ్యవేలిని మాత్రం లోపలికి మడిచి, మడిచిన కణుపు బల్లకు ఆనేట్టు ఉంచండి. ఇప్పుడు ఒక్కో వేలూ పైకి లేపండి. బొటనవేలు లేస్తుంది, చూపుడువేలు లేస్తుంది, చిటికెనవేలూ లేస్తుంది. ఉంగరపు వేలు మాత్రం చాలామందికి బల్లకు అంటించినట్టే ఉంటుంది.

అది బలం లేక కాదు. వేళ్ళను పైకి లేపే స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళు, చేతి వెనకవైపు ఉంటాయి. ఉంగరపు వేలి స్నాయువును పక్కవాటితో కలుపుతూ అడ్డంగా చిన్న పట్టీలు ఉంటాయి. చూపుడువేలికీ చిటికెనవేలికీ లేవడానికి అదనంగా సొంత కండరం ఉంది. నడిమి రెండు వేళ్ళకూ ఆ వసతి లేదు. శెనక్కాయలు ఒలిచే చేతిని చూడండి. బొటనవేలు, చూపుడువేలు నొక్కుతాయి, మధ్యవేలు సాయం పడుతుంది, చివరి రెండూ కలిసి గింజలు జారకుండా అరచేతిలో ముడుచుకుంటాయి. పుట్టినప్పటి నుంచీ ఉమ్మడి కాపురం చేస్తున్న ఆ రెండు వేళ్ళనూ గిటార్ వచ్చి వేరు పడమంటుంది.

అందుకే స్ప్రింగు గ్రిప్పర్ ఎంత పిసికినా ఇక్కడ లాభం లేదు. అది వేళ్ళన్నిటినీ కలిపి మూయడం నేర్పుతుంది. మనకు కావలసింది ఒక వేలు కదిలేటప్పుడు తక్కిన మూడూ గమ్మున ఉండడం. 19వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ వేలికి యంత్రం పెట్టి సాధన చేశాడు. ఆయన కుడిచేయి పాడై, పియానో కచేరీల ఆశే వదులుకోవాల్సి వచ్చింది. పాడవడానికి అసలు కారణం ఏదన్నదానిపై వాదనలున్నాయి గానీ, యంత్రం మేలు చేసిందని మాత్రం ఎవరూ అనరు.

సరే, గిటార్ తీసుకోండి. నెక్, అంటే గిటార్ మెడ, మీద అడ్డంగా ఉన్న లోహపు కడ్డీలే ఫ్రెట్లు, వాటి మధ్య గడులనూ ఫ్రెట్లే అంటాం. మొదటి ఫ్రెట్ దగ్గర కాదు, ఐదో ఫ్రెట్ దగ్గర మొదలుపెడదాం. 650 మిల్లీమీటర్ల తీగ ఉన్న గిటార్‌లో మొదటి నాలుగు ఫ్రెట్లూ కలిపి సుమారు 134 మిల్లీమీటర్లు, ఐదు నుంచి ఎనిమిది దాకా సుమారు 106. అరచేయి చిన్నదైన పిల్లలు ఏడో ఫ్రెట్‌కు జరిగినా తప్పులేదు.

అన్నిటికన్నా సన్న తీగ ఒకటోది, లావు తీగ ఆరోది. మూడో తీగ మీద 5, 6, 7, 8 ఫ్రెట్లలో నాలుగు వేళ్ళూ వరసగా ఉంచండి. చూపుడువేలు 1, చిటికెనవేలు 4. ఇప్పుడు 4ను మాత్రం ఎత్తి రెండో తీగ మీద అదే ఫ్రెట్‌లో పెట్టి మీటండి, మళ్ళీ మూడో తీగ మీదికి తెచ్చుకోండి. నాలుగుసార్లు చేశాక 3, తర్వాత 2, తర్వాత 1. తక్కిన మూడూ తీగ వదలకూడదు. 3 వంతు వచ్చినప్పుడు 4 కూడా వెంట లేస్తుంది. లేస్తే గట్టిగా నొక్కి ఆపొద్దు, అక్కడే చెయ్యంతా బిగుసుకుపోతుంది. మొదటి వారం తీగను నొక్కకుండా ఊరికే తాకించి చేయండి. ఆ తర్వాత నొక్కి వాయించేటప్పుడు 1 వంతులో శబ్దం మొద్దుగా వస్తే, 2, 3, 4లలో ఏదో పడుకుని రెండో తీగను తాకుతోందని అర్థం. ఆ వేలి చివరి కణుపు వంచండి.

ఎంత నొక్కాలి? తీగ మీద వేలు ఆనించి మీటుతూ, జర్రుమనే శబ్దం పోయే దాకా మెల్లగా ఒత్తిడి పెంచండి. శబ్దం తేటపడిన చోటే ఆగండి. మామూలుగా మనం నొక్కేది దానికంటే ఎక్కువే. ఇంకో పరీక్ష, బొటనవేలిని నెక్ వెనక నుంచి తీసేసి వాయించడం. గిటార్ జారిపోయిందంటే మీ బొటనవేలు ఇన్నాళ్ళూ పట్టకారు పని చేస్తోంది.

రెండో సాధన చాలామందికి తెలిసిందే, 1-2-3-4. దాన్ని అలాగే నెలల తరబడి చేస్తారు, అదే పొరపాటు. నాలుగు వేళ్ళకు 24 వరసలున్నాయి. 1తో మొదలయ్యేవి ఆరు: 1234, 1243, 1324, 1342, 1423, 1432. వారానికి ఒక ఆరు చొప్పున చేస్తే నెలలో ఒక చుట్టు తిరుగుతారు. సంగీతం నేర్చినవాళ్ళకు సరళీ వరసల తర్వాత దాటు వరసలు ఎందుకు వస్తాయో తెలుసు కదా, ఇదీ అంతే. ఆరో తీగ నుంచి ఒకటో తీగకు పోయి వెనక్కి రండి. తీగ మారేటప్పుడు 1 కొత్త తీగకు వెళ్తుంది, 2, 3, 4 పాత తీగ మీదే ఉండి తమ వంతు వచ్చినప్పుడే కదలాలి. నాలుగూ ఒకేసారి ఎగిరి దూకితే సాధన చేసినట్టు కాదు.

వేగం నిమిషానికి 60 దెబ్బలు, దెబ్బకు ఒక స్వరం. దెబ్బ లెక్క చూపే మెట్రోనోమ్ లేకపోతే టిక్కుటిక్కుమనే గోడ గడియారం చాలు, ఒక వరసతో ఆరు తీగలూ పోయి రావడానికి 48 సెకన్లు. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 64. ఒకటో కాలం, అంటే మొదటి వేగం, నిలవకుండా రెండో కాలానికి పోనిచ్చే గురువు ఉండడు.

చివరిది కష్టం. 1ని నాలుగో తీగ ఐదో ఫ్రెట్‌లో, 2ను మూడో తీగ ఆరో ఫ్రెట్‌లో పెట్టి రెండూ ఒకేసారి తీగలు మార్చుకోవాలి. పదిసార్లు. తర్వాత 2-3 జంట, ఆపై 3-4. చివరి జంట రెండు వారాలు సతాయిస్తుంది, సతాయించనివ్వండి.

కుడిచేతికి ఎక్కువ చెప్పను. బొటనవేలు ఆరో తీగ మీద, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మూడు, రెండు, ఒకటో తీగల మీద. బొటనవేలు దెబ్బ తప్పకుండా నడుస్తుంటే తక్కినవాటి వరస మార్చుకుంటూ పోవడమే.

ఇవన్నీ కలిపి పది నిమిషాలు, పొద్దున ఐదు, సాయంత్రం ఐదు. వేలి కొనలు మంటపుడితే మామూలే. మణికట్టు గానీ ముంజేయి గానీ నొప్పెడితే, వేళ్ళు తిమ్మిరెక్కితే ఆ రోజుకు ఆపేయండి.

ముందు గిటార్ సంగతి చూసుకోండి. స్టీలు తీగల గిటార్ అయితే పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటే బాగు. నాలుగుంటే తప్పు వేళ్ళది కాదు. మన ఎండాకాలపు పొడిగాలికి చెక్క కుంచించుకుని ఫ్రెట్ల కొనలు బయటికొచ్చి చేతికి గీరుకుంటాయి, వాటిని ఆకురాయితో నున్నగా రుద్దించాలి. ఎండలో నిలబెట్టిన కారులో గిటార్ వదిలితే జిగురు వదులవుతుంది.

స్కేలు నా దగ్గర ఉంది, అనుమానం ఉన్నవాళ్ళు గిటార్ తెచ్చి కొలిపించుకోండి. ఎడమచేతి గోళ్ళు పెరిగినవాళ్ళు ముందు అవి కత్తిరించుకుని రండి, ఐదో ఫ్రెట్ దగ్గర మొదలుపెడదాం.